ఒక్క అడుగు వెనక

ముఖేష్ కొన్న కొత్త ఫోన్‌కు వెనకవైపు మూడు కెమెరాలున్నాయి. పాతదానికి ఒకటే ఉండేది. ఆ ఒక్కదానితోనే చుట్టాల్లో సగంమందికి తలలు లేకుండా, మిగతా సగంమందికి కాళ్లు లేకుండా ఫొటోలు తీసిన ఘనుడతను. ఇక మూడింటితో ఏం చేస్తాడోనని అతని భార్య అనురాధకు మొదటిరోజే గుబులు పుట్టింది. కట్టుకున్నవాడు కనుక పైకి మాత్రం బాగుందని మెచ్చుకుంది.

ఆ ఫోన్‌లో అన్నిటికన్నా గొప్ప సంగతి, ముఖేష్ లెక్క ప్రకారం, మనిషిని ఉంచి మిగతాదంతా మాయం చేయడం. ముఖం కడిగిన అద్దంలా వస్తుంది. వెనకున్నదంతా మసకగా కరిగిపోతుంది. ఆ సంగతి అతని తల్లి పోచమ్మకు తెగ నచ్చింది. ముంబై పక్కన భీవండీ పద్మనగర్‌లో, కింద సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాలు, దాని నెత్తిన రెండు ఖోలీల్లో, రెండు గదుల్లో కాపురం వాళ్లది. ఏ మూల నిలబడి ఫొటో దిగినా వెనక కండెల బస్తాలో, గ్యాసు బండో, తాడు మీద ఆరేసిన లంగాలో పళ్లికిలిస్తూ వచ్చేవి. ఊళ్లో చుట్టాలకు ఫొటో పంపిన ప్రతిసారీ పోచమ్మకు తల కొట్టేసినట్టుండేది. కొత్త ఫోన్ వచ్చాక బస్తాలు, బండలు అన్నీ రంగుల పొగలో కలిసిపోయాయి. కొడుకు ఇన్నాళ్లకు పనికొచ్చే వస్తువు ఒకటి కొన్నాడని ఆమె గల్లీ అంతా చెప్పుకుంది.

సరిగ్గా అప్పుడే అనురాధ దుకాణం మాట ఖాయమైంది. గల్లీ చివర చిన్న షటరు. 'అనురాధ లేడీస్ టైలర్' అని పేరు. ఇన్నేళ్లూ ఇంట్లోనే మిషన్ ముందు కూర్చుని ఆమె జాకెట్లు కుట్టింది. గైబీ నగర్ నుంచి కూడా బట్టలు వచ్చేవి. వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో ఎదురైన పెద్ద కోడలు కనకవ్వ చేతిలో బట్ట పెట్టేవాళ్లు, కుట్టినది కూడా ఆమె చేతుల మీదుగానే తీసుకుపోయేవాళ్లు. చేతి పనితనం ఎంత ముద్దుగా ఉందని కనకవ్వనే పొగిడేవాళ్లు. కనకవ్వ చెడ్డ మనిషి కాదు. కాకపోతే పొగడ్త ఎదురొస్తే పక్కకు తప్పుకునే రకం కూడా కాదు. లోపల మిషన్ ముందు అనురాధ దారం కొరుకుతూ అన్నీ వినేది.

అందుకే ఆమెకు దుకాణం కన్నా ముందు దుకాణం మీద కట్టే ఫ్లెక్స్ మీద మనసు పడింది. భీవండీలో ఫ్లెక్స్ కట్టకుండా ఏ మంచిపనీ మొదలుకాదు. ఆ ఫ్లెక్స్ మీద తన ముఖం ఉండాలి, స్పష్టంగా ఉండాలి, కుట్టేది ఈ మనిషని దారినపోయేవాళ్లకు తెలియాలి. పెద్ద కోరికేమీ కాదు. కానీ పోచమ్మ మధ్యలో దూరి ఫ్లెక్స్ అంటే ఇంటిల్లిపాదీ ఉండాలంది. పైన గుండ్రంగా, పోయిన తన భర్త ఫొటో. కింద తను, పెద్ద కొడుకు, ఇద్దరు కోడళ్లు. ముఖేష్ ఫొటో తీసేవాడు కాబట్టి అతను ఉండనక్కర్లేదని కూడా ఆమే తేల్చేసింది. ఒంటరిగా బొమ్మ వేయించుకుంటే ఇంట్లో గొడవలున్నాయని గల్లీ అనుకుంటుందట. అనురాధ సరేనంది.

ఫొటో తీయడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. కింద సాంచాలు ఆడుతుంటే పైన నేల గజగజా వణుకుతుంది. ఆ ఇంట్లో గ్లాసులో నీళ్లు ఊరికే నిలబడిన రోజు లేదు. ఫోన్ పట్టుకుంటే లోపల చిన్న అద్దం ముందుకూ వెనక్కూ జరుగుతూ ఎవరి ముఖం పట్టుకోవాలో తేల్చుకోలేక తెరమీద పసుపు గడి ఊగుతూనే ఉండేది. సుట్టి రోజు, సాంచాలు ఆగినప్పుడే పని జరిగేది. వారానికి ఒక్క సుట్టి. దుకాణం తెరిచే ముహూర్తానికి ముందు రెండే సుట్టిలు మిగిలాయి.

మొదటి సుట్టినాడు అందరూ కొత్త బట్టలు కట్టారు. మధ్యలో పెద్ద కొడుకు నారాయణ, ఆయనకు అటు పోచమ్మ, ఇటు కనకవ్వ. అనురాధ ఎప్పటిలాగే ఒక్క అడుగు వెనక నిలబడింది.

ఆ ఒక్క అడుగు సంగతి చెప్పాలి. నారాయణ అనురాధకు బావ, మొగుడి అన్న. మామ పోయాక ఇంటికీ షెడ్డుకూ ఆయనే పెద్ద. ఆయన దగ్గితే చాలు, ముఖేష్ ఫోన్ జేబులో పెట్టేస్తాడు. తమ్ముడి పెళ్లాం బావకు సరిసమానంగా నిలబడకూడదు, ఎదురుపడి మాట్లాడకూడదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఈ కుటుంబాలు మాటలో సగం హిందీ కలిపేశాయి, పిల్లల్ని మరాఠీ బడికి పంపాయి, పొద్దున వడాపావ్ తినడం కూడా నేర్చాయి. ఈ పద్ధతిని మాత్రం వదల్లేదు. అనురాధ కాపురానికొచ్చి పదేళ్లు దాటింది. బియ్యం అయిపోయాయని ఆమె గోడకు చెప్పేది. సాయంత్రం వస్తాయని ఆయన కిటికీకి చెప్పేవాడు. గోడకూ కిటికీకీ మధ్య ఆ సంసారం ఏ లోటూ లేకుండా నడిచిపోయింది.

తీసిన ఫొటో ఫోన్‌లో చూస్తే అందరికీ ముచ్చటేసింది. బస్తాలు లేవు, లంగాలు లేవు. ముఖేష్ దాన్ని తీసుకుని ఫ్లెక్సులు అచ్చేసే దత్తు దగ్గరికి పోయాడు. దత్తు కంప్యూటర్లో పెద్దది చేసి చూసి, ముందు వరుస బ్రహ్మాండంగా ఉందని, వెనక దండెం మీద వేలాడుతున్న ఆకుపచ్చ చీర తీసేసి మళ్లీ తీస్తే ఇంకా బాగుంటుందని సలహా చెప్పాడు.

ఆ ఆకుపచ్చ చీరలో అనురాధ ఉంది.

ముఖేష్ ఇంటికొచ్చి నసుగుతూ సంగతి చెప్పాడు. అనురాధ ఫోన్ లాక్కుని రెండు వేళ్లతో ఫొటోను లాగి చూసింది. పోచమ్మ ముక్కుపుల్లలో రాయి కూడా తళుక్కుమంటోంది. బావ మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. తన ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఉడికిన అన్నం ఆవిరి. కళ్లెక్కడో నోరెక్కడో తెలియదు. ఆమెకు కడుపు మండింది. అంతకన్నా ఎక్కువ, ఏడుపొచ్చింది.

దత్తు దాన్ని బాగుచేయలేడట. ముఖేష్ మొబైల్ దుకాణం స్వప్నిల్ దగ్గరికి పరుగెత్తి, పండితుడై తిరిగొచ్చాడు. ఫోన్‌లో రెండు కెమెరాలు వేలెడు దూరంలో ఉండి ఒకే బొమ్మను చెరోవైపు నుంచి చూస్తాయట. దగ్గరున్నది ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుందట, దూరమున్నది తక్కువ. ఆ తేడా పట్టుకుని ఏది ఎంత దూరముందో ఫోన్ లెక్కేసుకుంటుందట. ముందు కనబడ్డ ముఖం దూరాన్ని ఉంచి, మిగతా దూరాలన్నీ మసక చేసేస్తుందట.

"నువ్వు ఒక అడుగు ఎనుకున్నవ్ గదా అనూ," అన్నాడు ముఖేష్, ఎక్కడ పేలుతుందోనన్న భయంతో. "గ్యాసు బండతోటి జమ కట్టింది నిన్ను."

పేలలేదు. అనురాధ మిషన్ దగ్గరికి పోయి సూదీ దారం తీసుకుంది. ఒక కన్ను మూసుకుని దారం ఎక్కించబోయింది. దారం సూది పక్కనుంచి పోయింది. ఇంకోసారి, అదీ పక్కకే. రెండు కళ్లూ తెరిస్తే గురి తప్పకుండా దూరింది. ఫోన్ చేసే పని ఆమెకు అర్థమైంది. దానికి దూరం బాగానే తెలుసు. ఈ ఫ్లెక్స్ ఎవరి కోసమో మాత్రం తెలియదు. ఆ రెండోది దానికి ఎవరూ చెప్పలేదు కూడా.

తరవాతి వారమంతా ఇంట్లో ఉపాయాలే. మసక చేసే ఏర్పాటు తీసేసి మామూలుగా తీద్దామని ముఖేష్ అంటే, గ్యాసు బండను ఫ్లెక్స్ ఎక్కించి ఊరేగించడానికి పోచమ్మ ఒప్పుకోలేదు. కింద నేసే తెల్ల తాను వెనక కట్టి దాని ముందు నిలబడదామని కనకవ్వ అంది. పోచమ్మ చెంపలేసుకుంది. రంగు ఎక్కని తెల్లబట్ట చావింటి ముందు కట్టే గుడారంలా ఉంటుందట, దుకాణం తెరవకముందే మూసినట్టట. ఆ మాటకు కనకవ్వ కూడా నాలుక కరుచుకుంది.

అప్పుడు ముఖేష్ కనేరిలో చుట్టాల షెడ్డు నుంచి గళ్ల లుంగీ తాను ఒకటి పట్టుకొచ్చాడు. ఎరుపూ నీలం గళ్లు, చూడ్డానికి కళకళలాడుతూ ఉంది. దండేనికి కట్టి, కరెంటు పోయి సాంచాలు ఓ గంట ఆగిన మధ్యాహ్నం వరుసగా నిలబెట్టి తీసి చూశాడు. ఫోన్‌కు మతి పోయింది. కనకవ్వ ఎడమ చెవి గాలిలో కలిసిపోయింది. పోచమ్మ భుజం కరిగి కారిపోయింది. ఆమె తల పక్కన లుంగీ ముక్క ఒకటి మాత్రం ఎందుకో స్పష్టంగా తేలింది. స్వప్నిల్ పగలబడి నవ్వాడట. అన్ని గళ్లూ ఒకేలా ఉంటే, ఈ కెమెరాలో కనబడ్డ గడి ఆ కెమెరాలో ఏ గడో ఫోన్‌కు ఎలా తెలుస్తుందన్నాడట. లెక్క తప్పితే చెవులు పోతాయి మరి. గళ్లబట్ట ముందు మసక లేకుండా తీస్తే మనుషులందరూ లుంగీ మీద అచ్చేసిన బొమ్మల్లా వచ్చారు. తాను మడిచి కనేరికి పంపేశారు.

చివరికి దత్తే ఒక దారి చెప్పాడు. అనురాధను విడిగా ఒక ఫొటో తీసి పంపితే కత్తిరించి పక్కన అంటిస్తానన్నాడు. అనురాధకు ప్రాణం లేచొచ్చింది. పోచమ్మ ఆ ప్రాణాన్ని మళ్లీ కూర్చోబెట్టింది. ఫొటోలో కత్తిరించి అంటించేది పోయినవాళ్లనట. పైన మామను అంటిస్తున్నారు కదా, బతికున్న కోడలిని కూడా ఆయన జతకు పంపుతారా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక దానిమీద ఎవరేం మాట్లాడతారు?

మిగిలిన దారి ఒక్కటే, అది అందరికీ తెలుసు. నలుగురూ ఒకే వరుసలో, ఒకే దూరంలో నిలబడాలి. అంటే అనురాధ బావ పక్కన, సరిసమానంగా. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ముఖేష్ రెండుసార్లు అన్న దగ్గరికి పోయి, నూనె డబ్బా గురించి ఏదో మాట్లాడి తిరిగొచ్చాడు. అనురాధకు మొగుడి మీద జాలేసింది, ఒళ్లు కూడా మండింది.

సుట్టికి ముందు రోజు మధ్యాహ్నం నారాయణ అన్నానికి కూర్చున్నాడు. పోచమ్మ ఎప్పటిలాగే ఫ్లెక్స్ మాట ఎత్తి, పోయినసారి తీసిందే అచ్చేయించేద్దామంది. ముందువరుస అంత చక్కగా వచ్చాక మళ్లీ ఎందుకు, చిన్నకోడలు పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది కదా అంది. వంటగట్టు దగ్గర అనురాధ చేతిలో గరిట ఆగిపోయింది. ఆమె గోడవైపు తిరగలేదు, కిటికీవైపూ తిరగలేదు.

"నేను కనవడని ఫ్లెక్స్ నాకొద్దు అత్తమ్మా," అంది. "ఇన్నేండ్లు నేను కుట్టిన, అక్కను మెచ్చుకున్నరు. నేనేమన్న అన్ననా? గిప్పుడు నా దుకాణం మీద గూడ నేను దండెం మీది చీరనే అయితే, అసలు ఫొటోనే వద్దు. ఉత్త పేరు రాయిపియ్యుండ్రి."

ఆ ఇంట్లో చిన్నకోడలు గొంతు అంతకుముందు అంత దూరం వినబడలేదు. కనకవ్వ తల దించుకుంది. నారాయణ కంచంలో చేయి కడుక్కుని, కండువాతో తుడుచుకుని, కిందికి దిగిపోయాడు. మెట్ల మీద ఆ అడుగుల చప్పుడును అనురాధ చివరిదాకా వింది. అయిపోయింది, ఇక ఫ్లెక్సూ లేదు, దుకాణమూ లేదు అనుకుంది. కానీ అన్నందుకు మాత్రం బాధపడలేదు.

మర్నాడు సుట్టి. సాంచాలు ఆగాయి, నేల కుదుటపడింది. ఫొటోకు పిలిస్తే నారాయణ వస్తాడని ఎవరికీ ఆశ లేదు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తన చోట నిలబడ్డాడు. పోచమ్మ, కనకవ్వ అటూ ఇటూ చేరారు. అనురాధ ఆకుపచ్చ చీరలోనే ఉంది. మంకుపట్టుతో కట్టుకున్న చీర అది. కాళ్లు మాత్రం అలవాటు కొద్దీ ఆమెను ఒక్క అడుగు వెనకే ఆపేశాయి.

ముఖేష్ ఫోన్ ఎత్తాడు. నారాయణ చేయి చూపి ఆపాడు. వరుసలోంచి బయటికొచ్చి తమ్ముడి పక్కన చేరి తెరలోకి తొంగిచూశాడు.

"ఏడ ఒత్తితే ఆడ సాఫ్ వస్తదారా?"

ఏ ముఖం మీద వేలు పెడితే ఆ దూరం స్పష్టంగా వస్తుందని, కాకపోతే ముందూ వెనకా ఉన్నవాళ్లు మసకైపోతారని ముఖేష్ చెప్పాడు. నారాయణ కాసేపు తెరకేసి చూశాడు. ఆయన మొరటు బొటనవేలు పోయి ఆకుపచ్చ చీర మీద ముఖాన్ని నొక్కింది. తెరమీద పోచమ్మ మసకైంది, కనకవ్వ మసకైంది. వెనకున్న అనురాధ కళ్లు, ముక్కు, నుదుటి బొట్టు ఒక్కొక్కటే తేటపడ్డాయి.

"అవ్వా, నువ్వు ఒక అడుగు ఎనుకకు రా," అన్నాడాయన తల్లితో. "కనకవ్వా, నువ్వు గూడ. ఆమె పక్కకు జరుగుండ్రి."

వాళ్లిద్దరూ ఏమీ అర్థం కాకుండానే వెనక్కి జరిగి అనురాధకు చెరోవైపు నిలబడ్డారు. అనురాధ కదలలేదు. వరుసే ఆమె దగ్గరికి వచ్చింది. ముందు ఖాళీ అయిన చోటు చూసి నారాయణ ఇప్పుడెక్కడ నిలబడతాడా అని ఆమె బిగుసుకుపోయింది. తన పక్కకు వస్తే ఎటు పోవాలి, పద్ధతి ప్రకారం ఇంకో అడుగు వెనక్కి వేయాలా? ఆయన పక్కకు రాలేదు. వాళ్ల ముగ్గురినీ చుట్టి, వెనకాల గ్యాసు బండ పక్కన పోయి నిలబడ్డాడు.

ఇంటి పెద్ద వెనక నిలబడతాడా, బండ పక్కనా అని పోచమ్మ లబోదిబోమంది. నారాయణ ఆమెను ఊరుకోమని, తమ్ముడిని తొందరగా కానిమ్మని కసిరాడు. ముఖేష్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. నేల వణకడం లేదు కాబట్టి ఫోన్ సర్దుకుంది. వెనక నుంచి బావ గొంతు సవరించుకోవడం అనురాధకు వినబడింది. తన వీపు బావవైపు ఉందన్న సంగతి అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది. అయినా తల వంచకుండా కెమెరాల వైపు తిన్నగా చూసింది.

సాయంత్రం దత్తు ఫోన్ చేశాడు. ముఖేష్ అందరికీ వినబడేలా పెట్టాడు. ఈసారి అనురాధ వహినీ ముఖం చాలా బాగా వచ్చిందని, వెనక ఉన్న నారాయణ దాదా మాత్రం పూర్తిగా మసకైపోయాడని, పెద్దమనిషి కదా, రేపు ఇంకొకటి తీసి పంపితే ముహూర్తానికి అందిస్తానని దత్తు చెప్పాడు. అదే మంచిదని పోచమ్మ వెంటనే అందుకుంది. పెద్దకొడుకు ముఖం లేని ఫ్లెక్స్ కింద తను నడవనంటే నడవనంది. అనురాధ వంటగట్టు దగ్గర చాయ్ పెడుతూ, అంతా మళ్లీ మొదటికొచ్చిందనుకుంది.

నారాయణ ఎప్పటిలాగే కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఉండనీయ్ అవ్వా. నేను మసకగున్నా నన్ను పోల్చనోడు ఈ గల్లీల ఎవడున్నడు? నా మొఖం అందరు సూశిండ్రు. ఆమె మొఖమే ఎవ్వలకు ఎరుకలేదు."

దత్తుకు అదే అచ్చేయమని ముఖేష్ చెప్పేశాడు. అనురాధ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. కొంగుతో తుడుచుకుంటే మళ్లీ వచ్చాయి, ఇక తుడుచుకోవడం మానేసింది. చాయ్ గ్లాసుల్లో పోసింది. బావ గ్లాసు ఎప్పుడైనా కనకవ్వ చేతిమీదుగా పోవాల్సిందే. కనకవ్వ అలవాటుగా చేయి చాచింది కూడా. అనురాధ ఆ గ్లాసును తనే తీసుకుని, గది దాటి, నారాయణ ఎదురుగా పోయి నిలబడింది.

"బావా, చాయ్," అంది.

నారాయణ గోడవైపు చూశాడు, కిటికీవైపు చూశాడు. రెండూ ఆయనకు సాయం రాలేదు. చేయి చాచి గ్లాసు అందుకుని ఒక గుటక వేశాడు.

"శక్కెర తక్కువైంది బిడ్డా," అన్నాడు, ఆమె ముఖంలోకి చూసి.

అనురాధ చక్కెర డబ్బా తేవడానికి లోపలికి పోయింది.